నాలుగు మహీనాల పది రోజులంటే ఎన్ని రోజులు?

శోహర్ ఇంతెఖాల్ అయిన ఔరత్‌కు ఇద్దత్ నాలుగు మహీనాల పది రోజులు. సూరా బఖరా 234వ ఆయత్‌లో వచ్చిన హుకుం ఇది. కడుపుతో ఉన్న ఔరత్‌కు కాన్పుతో ఇద్దత్ పూర్తవుతుంది, ఆ హిసాబ్ వేరు. మిగతా బేవాలకు ఇదే ముద్దత్. మన ఇళ్లలో అక్షరం రాని నానీలకు కూడా నోటికొచ్చిన లెక్క ఇది. కానీ దీన్ని రోజుల్లోకి మార్చి ఒక తారీఖు చెప్పమంటే మాత్రం ఒక్కొక్కరు ఒక్కో జవాబు చెప్తారు. తమాషా ఏమిటంటే, అందరి లెక్కా సరిగ్గానే ఉంటుంది.

ఒక తారీఖు పెట్టుకుని చూద్దాం. 2024 మార్చి 1, జుమా. మన దగ్గర చాంద్ ప్రకారం అది 1445 షాబాన్ 19. ఆ రోజు పగలు ఒకాయన గుజర్ గయే అనుకోండి. మొదటి రోజును గిన్తీలో కలపాలా వద్దా అన్న బారీక్ సంగతి పక్కన పెట్టి, ఆయన బీవీ ఇద్దత్ ఎప్పుడు పూర్తవుతుందో లెక్కేయండి.

గోడ మీది అంగ్రేజీ కేలండర్ చూసి నాలుగు నెలలు జరిపి పది రోజులు కలిపితే జూలై 11 వస్తుంది. అంటే 132 రోజులు. చాంద్ కేలండర్‌లో నాలుగు మహీనాలు జరిపి పది రోజులు కలిపితే జిల్‌హిజ్జా 29, అంటే జూలై 6. 127 రోజులే. మహీనా అంటే ముప్పై రోజులని పట్టుకుని నాలుగు ముప్పైలు నూట ఇరవై, పైన పది అంటే 130 రోజులు. జూలై 9.

మాట ఒకటే, జవాబులు మూడు. మొదటి జవాబుకీ రెండో జవాబుకీ మధ్య ఐదు రోజుల ఫరఖ్. ఇంటి గడప దాటడానికి, నౌకరీకి తిరిగి వెళ్లడానికి, తన జిందగీ గురించి తాను ఒక ఫైసలా చేసుకోవడానికి ఎదురుచూస్తున్న ఔరత్‌కు ఐదు రోజులు చిన్న సంగతి కాదు.

నేను కంప్యూటర్ ప్రోగ్రాములు రాసి రోజీ సంపాదించుకునేవాణ్ణి. సరిగ్గా ఈ సవాల్ దగ్గరే మా పేషాలో చాలా ఏళ్లు తకరార్ నడిచింది. ముద్దత్ అనేది ఒకటి కాదు, రెండు జాతులు అని తేల్చుకోవడానికి జావా భాషకు 18 ఏళ్లు పట్టింది. అదే సవాల్‌తో మన ఫుఖహా, ఖజానా మున్షీలు అంతకు వెయ్యేళ్ల ముందు నుంచే కుస్తీ పట్టారు. ఈ రెండు తారీఖ్‌లనూ ఒకచోట పెట్టి చెప్పాలని ఈ వ్యాసం.

ఏ షాబాన్?

హజ్రత్ ఉమర్ రజి. ఖిలాఫత్ దౌర్‌లో ఒక ఖర్జ్ దస్తావేజు ఆయన ముందుకొచ్చిందని రివాయత్ ఉంది. బాకీ షాబాన్‌లో కట్టాలని అందులో రాసి ఉంది. ఏ షాబాన్? గడిచిపోయినదా, ఇప్పుడు నడుస్తున్నదా, రాబోయేదా? అప్పటికి అరబ్బులకు మహీనాల పేర్లు ఉన్నాయి గానీ సాల్‌లకు వరుస నంబరు లేదు. గవర్నర్‌గా ఉన్న హజ్రత్ అబూ మూసా అష్అరీ రజి. కూడా ఖలీఫా నుంచి వచ్చే ఖత్‌లకు తారీఖు ఉండటం లేదని రాశారని చెప్తారు. సహాబాల మష్వరాతో హిజ్రత్ జరిగిన సాల్‌ను మొదటి సాల్‌గా తీసుకుని, ముహర్రంతో మొదలయ్యే హిజ్రీ సన్ ఏర్పాటైంది. అది హిజ్రీ 17, అంటే ఈసవీ 638 ప్రాంతం.

దీంతో ‘ఎప్పుడు’ అన్న సవాల్‌కు జవాబు దొరికింది. ‘ఎంతసేపు’ అన్నది మాత్రం వేరే సవాల్. తారీఖు అంటే రోడ్డు మీద పాతిన మైలురాయి. ముద్దత్ అంటే రెండు రాళ్ల మధ్య దూరం. రాళ్లు సమాన దూరంలో ఉంటే ఏ పరేషానీ లేదు. కానీ చాంద్ మహీనా ఒకసారి 29, ఒకసారి 30. రాళ్లను లెక్కపెట్టాలా, అడుగులు లెక్కపెట్టాలా?

ఫుఖహా ఇచ్చిన జవాబు

హనఫీ ఫిఖహ్ కితాబుల్లో దీనికి సాఫ్‌గా జవాబు ఉంది. ఔరంగజేబ్ హుకూమత్‌లో, 17వ శతాబ్దంలో ఉలమా జమాఅత్ కూర్చుని తయారు చేసిన ఫతావా ఆలంగీరీలోనూ ఇద్దత్ బాబ్‌లో ఈ బహస్ కనిపిస్తుంది. దాని సారాంశం ఇది.

ఇద్దత్ సరిగ్గా మహీనా మొదట్లో మొదలైతే హిలాల్‌లను లెక్కపెట్టాలి. మహీనా 29కే ముగిసినా అది పూరా మహీనాయే. ఇద్దత్ మహీనా మధ్యలో మొదలైతే ఇమామ్ అబూ హనీఫా రహ్. రాయ్ ప్రకారం రోజులు లెక్కపెట్టాలి. తలాఖ్ తర్వాత మూడు మహీనాల ఇద్దత్ పడే ఔరత్‌కు అది 90 రోజులు, బేవాకు 130 రోజులు. ఆయన శాగిర్ద్ ఇమామ్ ముహమ్మద్ రహ్. రాయ్ వేరు. మధ్యలో పూరాగా దొరికే మహీనాలను చాంద్‌తోనే లెక్కపెట్టాలి, మొదట్లో విరిగిన మహీనాను మాత్రం చివరి మహీనా రోజులతో ముప్పైకి పూర్తి చేయాలి అంటారు ఆయన. మనం పైన తీసుకున్న మిసాల్‌లో రంజాన్ 30, షవ్వాల్ 29, జిల్‌ఖాద 29, విరిగిన మహీనా 30, పైన పది. మొత్తం 128. అంటే నాలుగో జవాబు కూడా వచ్చింది!

నాకు ఇక్కడ గొప్పగా అనిపించేది ఇఖ్తిలాఫ్ కాదు. ఉస్తాద్, శాగిర్ద్ ఇద్దరూ ఒక సంగతి మీద ఇత్తెఫాఖ్‌గా ఉన్నారు: మహీనాల ముద్దత్ వేరు, రోజుల ముద్దత్ వేరు. ఒకదాన్ని ఇంకొకదానిలోకి చెప్పకుండా మార్చేయకూడదు. మార్చాల్సి వస్తే ఏ ఖాయిదాతో మారుస్తున్నావో చెప్పాలి.

కఫ్ఫారా రోజాల మస్‌అలాలో కూడా ఇదే నడుస్తుంది. వరసగా రెండు మహీనాలు రోజా ఉండాల్సిన మనిషి నెలవంక చూసి మొదలుపెడితే, రెండు మహీనాలూ 29కే ముగిస్తే 58 రోజాలతో బాధ్యత తీరుతుంది. అదే మహీనా మధ్యలో మొదలుపెడితే 60 పూర్తి చేయాలి. 58 రోజాలు ఉన్న మనిషి రెండు తక్కువ ఉన్నట్టు కాదు. ఆయన మొక్కింది మహీనాలకు, రోజులకు కాదు.

రెండు సాల్‌లు కలిసిన చోట ఖజానా గొడవ

మసీదు బయట, ఖజానాలో ఈ లెక్క తప్పితే నష్టం లక్షల మందికి. చాంద్ సాల్ 354 రోజులు, సూరజ్ సాల్ 365. ఏటా దాదాపు 11 రోజుల ఫరఖ్. 32 సూరజ్ సాల్‌లు అయ్యేసరికి చాంద్ సాల్‌లు 33 అవుతాయి. పంట సూరజ్‌తో వస్తుంది. ఖరాజ్ చాంద్ సాల్‌తో వసూలు చేస్తే రైతు 32 పంటలు పండించి 33 సార్లు కట్టాలి.

బగ్దాద్‌లో అబ్బాసీ ఖలీఫాలు ఈ గొడవ పడ్డారు. పంట చేతికి రాకముందే ఖరాజ్ అడిగే పరిస్థితి వస్తే ఖలీఫా అల్ ముతజిద్ 895లో ఖరాజ్ మొదలయ్యే నౌరోజ్‌ను జూన్ 11కు జరిపాడు. రెండు రకాల సాల్‌లు ఒకే దఫ్తర్‌లో నడిచిన చోటల్లా అప్పుడప్పుడు ఒక సాల్ నంబరును దాటవేసి రెండింటినీ కలపాల్సి వచ్చేది.

మన దక్కన్‌లో దీనికి దొరికిన ఇలాజ్ ఫసలీ. ఫసల్ అంటే పంట. ఉత్తరాదిన అక్బర్ జమానాలో మొదలైన ఈ పద్ధతిని దక్కన్‌కు 1636లో షాజహాన్ తెచ్చాడు. అప్పుడు హిజ్రీ 1046. ఫసలీ కూడా 1046 నంబరుతోనే మొదలైంది. ఆ రోజు నుంచి హిజ్రీ చాంద్‌తో పోయింది, ఫసలీ సూరజ్‌తో పోయింది. 2023 జూలైకి వచ్చి చూడండి. పట్టాదారు కాగితాల్లో జూలై 1న ఫసలీ 1433 మొదలైంది. అదే నెలలో మన మసీదుల్లో ముహర్రం వచ్చి హిజ్రీ 1445 మొదలైంది. ఒకే నంబరుతో ఒకే చోట బయల్దేరిన ఇద్దరు ముసాఫిర్‌ల మధ్య 387 అంగ్రేజీ సంవత్సరాల్లో 12 సాల్‌ల దూరం పెరిగింది. పాత పహాణీ నకలు చేతిలో పెట్టుకుని ‘దాదా జమీన్ కొన్నది ఎన్నేళ్ల కింద’ అని లెక్కేసే వాళ్లు ముందు ఆ నంబరు ఏ ముసాఫిర్‌దో చూడాలి. తెలంగాణ, ఆంధ్ర రెవెన్యూ కాగితాల్లో ఫసలీకి 590 కలిపితే అంగ్రేజీ సంవత్సరం వస్తుంది. హిజ్రీకి అలా ఒకే అంకె కలిపి తెచ్చుకోవడం కుదరదు.

అస్‌హాబె కహఫ్ కిస్సాలో మూడు వందల సాల్‌లు, దాని పైన తొమ్మిది అని వస్తుంది కదా. ఆ తొమ్మిది సూరజ్ సాల్‌లకూ చాంద్ సాల్‌లకూ మధ్య ఫరఖ్ అని వివరించిన ముఫస్సిర్‌లు ఉన్నారు. 300 సూరజ్ సాల్‌లు 309 చాంద్ సాల్‌లకు చాలా దగ్గరగా వస్తాయి.

దఖీఖా, సానియా నుంచి కంప్యూటర్ దాకా

మహీనాల సంగతి ఇలా ఉంటే, గిన్తీ వైపు కూడా మన ఆలిమ్‌లు లోతుగా వెళ్లారు. ఈసవీ 1000 ప్రాంతంలో అల్ బిరూనీ ‘ఆసారుల్ బాఖియా’లో అనేక ఖౌమ్‌ల కేలండర్లను పక్కపక్కన పెట్టి పరిశీలించాడు. యూదుల మహీనాల హిసాబ్ చెప్తూ గంటను 60 భాగాలు చేశాడు, ఒక్కో భాగాన్ని మళ్లీ 60, దాన్ని మళ్లీ 60, ఇంకా 60. అరబ్బీలో దఖీఖా అంటే సన్నటిది, సానియా అంటే రెండోది. అంగ్రేజీ ‘మినిట్’ మాటకూ మూలార్థం సన్నటిదనే, ‘సెకండ్’ అన్నా రెండోదనే. సమయాన్ని కొలిచే మాటల్లోనే ఈ కొలత పద్ధతి దాగి ఉంది.

కంప్యూటర్‌కు నచ్చేది ఈ గిన్తీ ముద్దతే. దానికి మహీనా తెలీదు, జుమా తెలీదు. 1970 జనవరి 1 నుంచి ఎన్ని సెకన్లు గడిచాయి అన్న ఒక్క అంకె చాలు. జావా భాష 1996లో బయటికి వచ్చినప్పుడు అందులోని తారీఖు సామాను ఈ అంకె మీదే నిలబడింది, మిల్లీసెకన్లలో. నెలలను సున్నా నుంచి, సంవత్సరాలను 1900 నుంచి లెక్కపెట్టేది, అంటే జనవరి సున్నా నెల! 1997లో ఇంకో కేలండర్ సామాను చేర్చారు. కానీ రెండింటిలోనూ ముద్దత్ అనే చీజ్‌కు ఒక పేరు, ఒక గది లేదు. అందుకే ప్రోగ్రామర్లు ఒక అంకెలోంచి ఇంకో అంకెను తీసేసి, రోజుకు 8 కోట్ల 64 లక్షల మిల్లీసెకన్లు కాబట్టి దానితో భాగించి ఇన్ని రోజులని తేల్చేవారు.

ఇందులో ఖరాబీ ఎక్కడుంది? రోజుకు ఎప్పుడూ 24 గంటలే ఉంటాయనుకోవడంలో ఉంది. మన దగ్గర నిజమే. అమెరికాలో ఉన్న మన పిల్లలకు మాత్రం ఏటా ఒకరోజు 23 గంటలే. 2024లో అది మార్చి 10, రంజాన్ ముంగిట్లో. న్యూయార్క్‌లో మార్చి 9 మధ్యాహ్నం 12 నుంచి మార్చి 10 మధ్యాహ్నం 12 దాకా ఎన్ని రోజులు? మనిషి ఒక రోజు అంటాడు. పాత పద్ధతిలో భాగించిన ప్రోగ్రాం 23 గంటలను 24తో భాగించి, మిగిలినది పారేసి, సున్నా రోజులు అంటుంది.

ఈ గందరగోళానికి స్టీఫెన్ కోల్‌బర్న్ అనే ప్రోగ్రామర్ జోడా-టైమ్ అనే లైబ్రరీతో దారి చూపాడు. లైబ్రరీ అంటే ఒకరు రాసిపెడితే పదిమంది తమ ప్రోగ్రాముల్లో వాడుకునే తయారు సరుకు. అందులో ముద్దత్‌కు మూడు పేర్లు పెట్టారు. ఈ క్షణం నుంచి ఆ క్షణం దాకా అని రెండు కొసలూ తెలిసిన వఖ్ఫా ‘ఇంటర్వల్’. ఉత్త గిన్తీ, అంటే ఇన్ని మిల్లీసెకన్లు అన్నది ‘డ్యూరేషన్’. ఇన్ని సంవత్సరాలు, ఇన్ని నెలలు, ఇన్ని రోజులు అని మనుషుల మాటలో చెప్పేది ‘పీరియడ్’. అనుభవంతో కొన్ని సంగతులు ఇంకా సరిదిద్ది, ఇదే ఆలోచనను జావాలోనే భాగం చేసే పని 2007లో మొదలైంది. 2014 మార్చిలో జావా 8తో అది అందరికీ అందింది. కొత్త ‘డ్యూరేషన్’ సెకన్లనూ, సెకనులో వంద కోట్లో వంతైన నానోసెకన్లనూ దాచుకుంటుంది. ‘పీరియడ్’ సంవత్సరాలు, నెలలు, రోజులు అన్న మూడు అంకెలను విడివిడిగా దాచుకుంటుంది. నాలుగు నెలలను అది 120 రోజులుగా కరిగించదు. ఏ తారీఖుకు కలపాలో మీరు చెప్పేదాకా నాలుగు నెలలు నాలుగు నెలలుగానే ఉంటాయి.

ప్రపంచమంతా ఒప్పుకున్న ఐఎస్ఓ 8601 రాత పద్ధతిలో నాలుగు నెలల పది రోజులను ‘పి4ఎం10డి’ అని రాస్తారు. 130 రోజులను ‘పి130డి’ అని రాస్తారు. ఇమామ్ అబూ హనీఫా రహ్. మహీనా మొదట్లో ఒకటి, మధ్యలో ఒకటి అని విడదీసినవి ఈ రెండే. పైథాన్ భాష 2003లో తన ముద్దత్ సామానులో నెలలకు చోటే ఇవ్వలేదు. రోజులు, సెకన్లు, మైక్రోసెకన్లు మాత్రమే పెట్టుకుంది. నెల ఎన్ని రోజులో ముందే చెప్పలేనప్పుడు దాన్ని గిన్తీలో కలపకపోవడం కూడా ఒక ఇమాన్‌దారీయే.

విరిగిన మహీనా చిక్కు జావాకూ ఉంది. జనవరి 31కి ఒక నెల కలిపితే ఏం రావాలి? ఫిబ్రవరి 31 లేదు కాబట్టి నెల చివరి రోజు ఇస్తుంది. 2024లో అది ఫిబ్రవరి 29. అందులోంచి మళ్లీ ఒక నెల తీసేస్తే జనవరి 31 రాదు, జనవరి 29 వస్తుంది. కలిపి తీసేస్తే బయల్దేరిన చోటికి రాని హిసాబ్ ఇది. ప్రామిసరీ నోట్లు నడిచే 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలోనూ ఇదే ఖాయిదా ఉంది: గడువు పడే నెలలో ఆ తేదీ లేకపోతే ఆ నెల చివరి రోజు. పైగా 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం ప్రకారం మన ఖానూన్‌లో నెల అంటే అంగ్రేజీ కేలండర్ నెల. అంటే ఒకే ఇంట్లో, ఒకే రోజు, నోటు మీద రాసిన నాలుగు నెలలు ఒక రకం, ఇద్దత్ నాలుగు మహీనాలు ఇంకో రకం.

ఫఖ్ర్ కాదు, ఫికర్

ఇదంతా చదివి ‘జావా మన ఫిఖహ్ నుంచే వచ్చింది’ అని వాట్సాప్‌లో తిప్పకండి. అలా రాలేదు. కోల్‌బర్న్ ముందు ఇద్దత్ బాబ్ లేదు, ఫుఖహా ముందు కంప్యూటర్ లేదు. ఇద్దరి ముందూ ఉన్నది ఒకే హఖీఖత్: మనుషులు మాట ఇచ్చేది మహీనాల్లో, సమయం గడిచేది క్షణాల్లో, ఈ రెండింటి మధ్య మారకం రేటు స్థిరంగా ఉండదు. నిజాయితీగా కూర్చుని ఆలోచించిన ఎవరైనా అక్కడికే చేరతారు. మనం ఫఖ్ర్ పడాల్సింది ‘ముందు మేమే’ అని కాదు. చిన్న లెక్కలో కూడా ఒక ఔరత్ హఖ్ ఉందని గుర్తుపెట్టుకుని అంత బారీక్‌గా ఆలోచించిన బుజుర్గులు మనకు ఉన్నందుకు.

ఇక ఫికర్ సంగతి. ఇప్పుడు మన ఖాందాన్‌లలో హిసాబ్ ఎక్కువగా ఫోన్‌లోనే అవుతోంది. జావా 8లో హిజ్రీ కేలండర్ కూడా ఉంది, కానీ అది సౌదీ వాళ్ల ఉమ్ముల్ ఖురా పట్టికతో నడుస్తుంది. 2024లో సౌదీలో మొదటి రోజా మార్చి 11న, మన దగ్గర 12న. పైగా మన దీనీ తారీఖు మగ్రిబ్‌తో మారితే, ఫోన్‌లో తారీఖు మామూలుగా అర్ధరాత్రి మారుతుంది. ఇషా వేళ జరిగిన ఇంతెఖాల్‌కు ఫోన్ చూపించే హిజ్రీ తారీఖు ఒకరోజు వెనక ఉండొచ్చు.

జకాత్‌లోనూ అంతే. హౌల్ అంటే చాంద్ సాల్. ఏప్రిల్ నుంచి మార్చి దాకా ఆఫీసు లెక్కతో జకాత్ తీసేవాళ్లు రెండున్నర శాతమే ఇస్తే, 33 చాంద్ సాల్‌లలో ఒక సాల్ జకాత్ గరీబుల చేతికి చేరకుండా పోతుంది. అందుకే సూరజ్ సాల్‌తో లెక్కేసేవాళ్లు 2.577 శాతం తీయాలని ఇస్లామీ అకౌంటింగ్ తెలిసినవాళ్లు చెప్తారు. లక్ష రూపాయల మీద 2,500 బదులు 2,577. ఈ 77 రూపాయలే ఆ పదకొండు రోజులు.

కాబట్టి ఏ యాప్ అయినా, ఏ వెబ్‌సైట్ అయినా ఒక తారీఖు చూపిస్తే, అది మహీనాలు లెక్కపెట్టిందా, రోజులు లెక్కపెట్టిందా, ఎవరి చాంద్‌తో లెక్కపెట్టింది అని అడగండి. ఇద్దత్ సంగతి అయితే ఇంతెఖాల్ జరిగిన తారీఖుతో పాటు, మగ్రిబ్‌కు ముందా తర్వాతా అన్నది కూడా అదే రోజు ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. దాన్ని మీ ముఫ్తీ సాబ్‌కు చూపించి ఆఖరి రోజు ఏదో మొదటి వారంలోనే ఖరారు చేసుకోండి. చివర్లో పెద్దవాళ్లు తలా ఒక మాట చెప్పి ఆ ఔరత్‌ను ఇంకో రోజు, ఇంకో రోజు అని కూర్చోబెట్టే అవసరం రాదు. ఆమె ఆ ముద్దత్‌ను ఒక్కో రోజూ గడుపుతోంది. మనం కనీసం సరిగ్గా లెక్కపెట్టి చెప్పాలి.

వల్లాహు ఆలమ్.